సగంలో ఆపిన తంబోలా, కొండ మీది లడ్లో

ఈ ప్రయాణం మా ఇంటి దగ్గరి పార్కు బెంచీ మీద మొదలైంది. మిల్టన్ కీన్స్‌లో కారు నడపడం రాకపోతే గడప దాటడం కష్టం. పిల్లల దగ్గరికి ఆరు నెలల వీసా మీద వచ్చిన పెద్దవాళ్ళు పగలంతా ఇంట్లో ఉండి, సాయంత్రం ఆ బెంచీ దాకా నడిచి వస్తారు. మా ఆవిడ పద్మ కూడా రోజూ అటే నడకకు వెళ్తుంది. జగిత్యాల నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఈశ్వరమ్మ గారు ఒకరోజు ఆమె చెయ్యి పట్టుకుని, "రెండు నెల్లాయె బిడ్డా వచ్చి. ఇంగ్లండ్ అంటే మా కోడలి వంటింటి కిటికీలకెల్లి కనవడే గోడేనా?" అని అడిగారట.

పద్మ ఆ మాటను ఇంటికి తెచ్చింది. ఆమె ఇక్కడి ప్రైమరీ స్కూల్లో టీచింగ్ అసిస్టెంట్. "చిన్నపిల్లలను బస్సుల ఎక్కించి మ్యూజియాలు తిప్పుకొస్తలేనా? పెద్దోళ్ళను తిప్పలేనా? అన్నీ తెలుగుల చెప్తా" అంది. నేను సరేనని తల ఊపాను. మామూలుగానే నేను ఎక్కువ మాట్లాడను.

కోచ్ అద్దెకిచ్చే ఆయన మాత్రం సులువుగా ఒప్పుకోలేదు. ఒకసారి మనవాళ్ళ విహారయాత్రకు బస్సు పంపితే తిరుగు ప్రయాణం బాగా ఆలస్యమైందట. ఇక్కడ డ్రైవర్ పనిగంటలకు చట్టం ఉంది, అవి దాటితే అతను స్టీరింగ్ ముట్టుకోకూడదు. అప్పుడు సగం దారిలోకి ఇంకో డ్రైవర్‌ని పంపాల్సి వచ్చిందని చెప్పి, ఆయన పద్మకు ఒకే మాట ఇచ్చాడు. ఒక్క ట్రిప్పు. మధ్యాహ్నం మూడున్నరకు బస్సు అక్కడి నుంచి వెనక్కి కదిలితే వేసవి అంతా నెలకొకటి ఇదే రేటుకు. కదలకపోతే మొదటిదే ఆఖరిది.

ఎక్కడికి వెళ్ళాలన్నది నేను చెప్పాను. ఇంటర్‌తో నా చదువు ఆగిపోయినా, లైబ్రరీ పుస్తకాలతో చరిత్ర చదువుకోవడం ఆగలేదు. వేల్స్ సరిహద్దుకు దగ్గరలో, కొండ మీద ఉన్న చిన్న ఊరు లడ్లో. కొండ చివర కోట, కోట గుమ్మం ముందే సంత, అక్కడి నుంచి నది వరకు దిగే వీధులు. ఊరంతా కాలినడకన చూడవచ్చు. రైల్లో వెళ్ళేవాళ్ళు క్రూ స్టేషన్లో మారి వెళ్ళవచ్చు కానీ, పెద్దవాళ్ళతో అయితే కోచ్ నయం. ఏ రోజు ఖర్చు ఆ రోజు రాసుకునే అలవాటు నాది కాబట్టి చెబుతున్నాను, మాకు కోట టికెట్‌తో కలిపి మనిషికి ముప్పై నాలుగు పౌండ్లు పడింది.

బయలుదేరాల్సింది స్కూలు సెలవుల్లో ఒకరోజు ఉదయం ఏడున్నరకు. ఏడుంపావుకే అందరూ కమ్యూనిటీ సెంటర్ ముందుకు వచ్చేశారు. ఆలస్యం మనుషుల వల్ల కాలేదు, డబ్బాల వల్ల అయింది. ప్రతి ఇంటివాళ్ళూ బస్సు మొత్తానికీ సరిపడా వండుకొచ్చారు. మూడు రకాల పులిహోర, ఇడ్లీలు, సకినాలు, చేగోడీలు, ఒక పెద్ద గిన్నె నిండా దద్దోజనం. ఏది ఒరగకుండా ఎక్కడ పెట్టాలన్న చర్చ ముగిసేసరికి ఎనిమిది దాటింది. డ్రైవర్ గ్రహమ్ అరవై ఏళ్ళ మనిషి. నవ్వకుండా జోకులు వేస్తాడు.

"నేను తీసుకెళ్ళేది మనుషుల్నా, పెళ్ళి భోజనాన్నా?" అని పద్మను అడిగాడు.

"రెండూ. మీకూ వాటా ఉంది" అంది పద్మ.

"వాటా సంగతి తర్వాత. వెళ్ళేటప్పుడు మీ ఇష్టం, వచ్చేటప్పుడు నా ఇష్టం. మూడున్నర అంటే మూడున్నరే."

పద్మ నవ్వింది కానీ, సీట్లో కూర్చున్నాక చీర కొంగును వేలికి చుట్టుకుంటూ కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. ఆ అలవాటు నాకు తెలుసు. పొద్దున్నే ఇంత ఆలస్యమైతే సాయంత్రం సంగతి ఏమిటన్నదే ఆమె దిగులు.

బర్మింగ్‌హామ్ దాకా మోటార్‌వే. మధ్యలో సర్వీసెస్ దగ్గర, అంటే దారి పక్కన టీ, టాయిలెట్లు ఉండే చోట, అరగంట ఆపారు. తర్వాత కిడర్‌మిన్‌స్టర్ మీదుగా వెళ్తే రోడ్డు సన్నబడి కొండెక్కుతుంది. సర్వీసెస్ దాటగానే పద్మ తంబోలా టికెట్లు పంచింది. మన బస్సు ప్రయాణాల్లో తంబోలా లేకపోతే ప్రయాణం చేసినట్టే ఉండదు కదా. సంచిలోంచి అంకె తీసి ఆమె అరుస్తుంటే, అందరూ పెన్నులు పట్టుకుని వంగిపోయారు. మొదటి ఐదు అంకెల బహుమతి, అడ్డ వరుసల బహుమతులు అయిపోయాయి. హౌసీ, అంటే టికెట్ నిండా కొట్టేయడం, ఒక్కటే మిగిలింది. చాలామందికి రెండేసి అంకెలు, కొందరికి ఒక్కటే బాకీ. అప్పుడే క్లీ హిల్ కొండ మీద గొర్రెలు రోడ్డుకు అడ్డం వచ్చి బస్సు ఆగింది. పద్మ సంచి మూతి బిగించి ముడి వేసేసింది.

"ఇదేం అన్యాయమమ్మా!" అన్నారు తెనాలి రామారావు గారు. రిటైర్డ్ తహసీల్దారు, కూతురి దగ్గరికి వచ్చారు. "నాకు ఒక్కటే ఉంది, నలభై ఏడు! స్వాతంత్ర్యం వచ్చిన ఏడు!"

"మిగిలిన ఆట మూడుంపావుకు, ఈ బస్సులనే అంకుల్. అప్పుడు సీట్ల లేనోళ్ళ టికెట్ చెల్లదు."

"గొర్రెలొస్తే ఆట ఆపుతరా? మా దిక్కు బర్రెలొచ్చినా ఆపం" అన్నారు ఈశ్వరమ్మ గారు. మలుపుల్లో ఎవరికైనా వాంతులవుతాయేమోనని ఆపిందనుకున్నాను నేను.

లడ్లోలో కోచ్‌లు ఊరికి కింది వైపు ఆగుతాయి. అక్కడి నుంచి సంత జరిగే కూడలి దాకా పది నిమిషాల ఎక్కుడు. నెమ్మదిగా నడిచేవాళ్ళకు ఇరవై అనుకోండి. సంతలో చీజ్, రొట్టెలు, పూలమొక్కలు, పాత ఇత్తడి సామాను. ఆ దుకాణాలు దాటగానే కోట గుమ్మం. పద్మ నన్ను పక్కకు పిలిచి, "ఏమండి, మీరు అందరికంటె ఎనక నడవండి. మీ ఎనక మనిషి ఉండొద్దు" అంది. రోజంతా నా ఉద్యోగం అదే.

నేను ఆమెకు నాలుగు పేజీల చరిత్ర రాసిచ్చాను. ఆమె దాన్ని హ్యాండ్‌బ్యాగ్‌లోంచి తియ్యనే లేదు. లోపలి కోటలో గుండ్రటి చిన్న చర్చి ఉంది, పైకప్పు లేదు, గోడలే మిగిలాయి. దాని మధ్యలో నిలబడి, "పెద్దమ్మా, మన ఓరుగల్లు కోటలో గుడి పోయింది, తోరణాలు నిలబడ్డాయి. ఇక్కడ కప్పు పోయింది, గోడలు నిలబడ్డాయి. కట్టినోళ్ళ పేర్లు నేను తర్వాత చెప్తా. ముందు ఈ రాయి ముట్టుకుని చూడండి, ఎంత చల్లగుందో" అంది. అందరూ ముట్టుకున్నారు. ఈశ్వరమ్మ గారు గోడకు చెంప ఆనించారు. నా నాలుగు పేజీల్లో ఆ చల్లదనం లేదు.

పెద్ద బురుజు పైకి చుట్లు తిరిగే మెట్లు ఉన్నాయి. ఇరుకు, అరిగిపోయాయి, పట్టుకోవడానికి తాడు ఉంది. మోకాళ్ళు బాగుంటేనే ఎక్కండి. రామారావు గారు రెండు మెట్లెక్కి ఆగారు. "ఎక్కడం నా పూచీ. దింపడం నీ పూచీ అయితే చెప్పు బాబూ, వస్తా" అన్నారు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన నవ్వి దిగిపోయి, కింద పచ్చిక మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నారు.

భోజనం అక్కడే, బయటి ప్రాకారంలోని గడ్డి మీద. గుమ్మం దగ్గర టికెట్లు చూసే పెద్దావిడ వచ్చి, ఆ పసుపు అన్నంలో ఏముందని అడిగింది. చింతపండు అంటే ఆమెకు తెలియలేదు. పద్మ ఒక డబ్బా చేతిలో పెట్టింది. కాసేపటికి ఆవిడ ఖాళీ డబ్బాతో తిరిగి వచ్చి, "నోరు మండుతోంది, ఇంకొంచెం ఉందా?" అంది. ఆ మాట నేను తెలుగులో చెప్తే, పులిహోర తెచ్చిన ముగ్గురూ ఆవిడ తిన్నది ఎవరిదన్న దాని మీద తగాదాకు దిగారు.

భోజనాల తర్వాత బ్రాడ్ స్ట్రీట్. కొండ మీద మొదలై నేరుగా నదికి దిగే వెడల్పాటి వీధి, రెండు వైపులా నాలుగు వందల ఏళ్ళ నాటి ఇళ్ళు కూడా ఉన్నాయి. కింద పాత ఊరి ద్వారం, దాటితే వంతెన. ఇక్కడ పద్మ నా కాగితాల్లోంచి ఒక్క సంగతి తీసుకుంది. కోట కట్టాక, దాని ముందు గీతలు గీసి, వీధులు వేసి, స్థలాలు పంచి, బయటి మనుషుల్ని రమ్మని పిలిచి కట్టిన ఊరు ఇది. "అంటే ఇది కూడా ఒకప్పుడు మన మిల్టన్ కీన్స్ లెక్క కొత్త ఊరే" అంది. మా మిల్టన్ కీన్స్ కూడా యాభై అరవై ఏళ్ళ కిందట పొలాల్లో గీతలు గీసి కట్టిందే. ఈశ్వరమ్మ గారు వీధి పొడవునా చూసి, "అయితే మనది సుత ఎన్నటికన్న గిట్లయితది" అన్నారు.

రెండుంపావుకు పద్మ అందరినీ వదిలేసింది. తలా ఒక దిక్కు. మూడు కాకముందే నేను బస్సు దగ్గర తలలు లెక్కపెడితే రామారావు గారు లేరు. ఫోన్ ఎత్తడం లేదు. ఒక్క మనిషి కోసం పద్మ వేసవి అంతా పోతుందని నాకు భయం వేసింది. మళ్ళీ కొండెక్కి బ్రాడ్ స్ట్రీట్ పరుగున దిగాను. ఆయన ఆ పాత ద్వారం పక్కన అరుగు మీద కూర్చుని ఉన్నారు.

"దిగేటప్పుడు తెలియలేదు బాబూ. ఇప్పుడు చూస్తే వీధి గోడలా నిలబడింది. మీరు బయలుదేరండి, నేను కూతురికి ఫోన్ చేసుకుంటా."

కూతురు ఆఫీసులో ఉంది, మూడు గంటల దూరంలో. ధైర్యం చెప్పే మాటలు నాకు రావు. నోటికి వచ్చింది ఒక్కటే. "అంకుల్, మీకు నలభై ఏడు ఒక్కటే కదా మిగిలింది?"

ఆయన జేబులోంచి టికెట్ తీసి చూసుకున్నారు. నా భుజం పట్టుకుని లేచారు. నాలుగు ఇళ్ళకొకసారి ఆగాం. ఆగిన ప్రతిచోటా ఆయన, "ఆ ఈశ్వరమ్మకు ఎన్ని మిగిలాయో తెలుసా నీకు?" అని అడిగారు. తెలియదన్నాను. "రెండు. నేను చూశా. ఆవిడకంటే ముందు నేను చేరాలి."

కొండ ఎక్కి, అవతలి వైపు దిగి మేము బస్సు దగ్గరికి వెళ్ళేసరికి గ్రహమ్ కూడా చేతిలో కర్రీ పఫ్ లాంటి 'పై' పొట్లంతో అప్పుడే వస్తున్నాడు. తలుపు దగ్గర ఆగిపోయాడు. లోపల ప్రతి సీట్లోనూ మనిషి, ప్రతి చేతిలోనూ పెన్ను. "ఇంత లేటా అంకుల్? రండి రండి!" అని అందరూ ఒక్కసారి అరిచారు. పద్మ చేతిలో సంచి ఉంది, ముడి ఇంకా విప్పలేదు.

"నేనే ఆఖరివాడినా?" అన్నాడు గ్రహమ్ నమ్మలేనట్టు. మూడున్నరకు రెండు నిమిషాల ముందే బస్సు కదిలింది.

హౌసీ ఈశ్వరమ్మ గారికి వచ్చింది. రామారావు గారు ఒప్పుకోలేదు. "నలభై ఏడు సంచిలో ఉందో లేదో చూపించమ్మా!" అన్నారు. పద్మ సంచి తిరగేసింది. మిగిలిన అంకెల్లో నలభై ఏడు ఉంది.

"ఇంగ్లండోల్ల బస్సుల అది గంత జల్ది వస్తదా?" అన్నారు ఈశ్వరమ్మ గారు. రామారావు గారే అందరికంటే గట్టిగా నవ్వారు. ఆమె గెలిచింది సంతలో పద్మ కొన్న బిస్కెట్ డబ్బా. క్లీ హిల్ దాటేలోగా ఖాళీ అయింది, రెండు బిస్కెట్లు గ్రహమ్ వాటాకు పోయాయి.

వారం తిరగకముందే కోచ్ ఆయన నుంచి వేసవి తేదీలు వచ్చాయి. పద్మ వాటిని ఫ్రిజ్ మీద అతికించి, వచ్చే నెల ఊరికి కూడా నాలుగు పేజీలు రాయమని అడిగింది. "నువ్వు చదవవు కదా" అన్నాను. "ఒక్క ముక్క వాడుకున్న గదా, అది చాలు" అంది. ఆ ఒక్క ముక్క గురించే ఇప్పుడు నేనూ ఆలోచిస్తున్నాను. గీసిన గీతల మీదికి ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి, ఒకరి వంట ఒకరు తిని, ఒకరి కోసం ఒకరు బస్సు దగ్గర నిలబడితే, ఎంత కొత్త వీధికైనా వయసు వస్తుంది. మా పార్కు బెంచీ దగ్గర ఇప్పుడు సాయంత్రాలు చోటు దొరకడం లేదు.

మీరు కూడా పెద్దవాళ్ళను తీసుకుని లడ్లో వెళ్తుంటే ఒక్కటే చెబుతాను. నది చూడాలని బ్రాడ్ స్ట్రీట్ చివరిదాకా దింపకండి, సగంలో ఆగినా నదికి అవతలి పచ్చని కొండ కనిపిస్తుంది. దిగి తీరాలంటే మాత్రం, ముందుగా తంబోలా మొదలుపెట్టి, ఒక్కొక్కరికీ ఒకటో రెండో అంకెలు మిగిలి ఉండగా సంచి మూతి కట్టేయండి.