కరెంటు పిన్ని

మొన్న గాజువాకలో మా మావయ్య కొడుకు ఇంటి గృహప్రవేశానికి వెళ్ళాను. పులిహోర బాగుంది, వంకాయ కూర ఇంకా బాగుంది. రెండోసారి వేయించుకుందామని విస్తట్లో జాగా చేసుకుంటున్నాను. ఇంతలో ఆ అబ్బాయి వచ్చి నా ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. అబ్బాయంటే అరవై దగ్గర పడుతున్నాడు, నాకు మాత్రం అబ్బాయే. కూతురు కొనిచ్చిన కొత్తరకం చేతి గడియారం విప్పి బల్ల మీద పడేశాడు. గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో కూడా చెబుతుందట అది. "నా సేతికి ఏ వాచీ పడదు వదినా. కట్టిన మర్నాడే సచ్చూరుకుంటాది. ఒంట్లో కరెంటెక్కువ మరి. మా సిన్నత్త పోలిక," అన్నాడు. పంక్తిలో అందరూ పకపకా నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వంకాయ కూరా వద్దు, ఏమీ వద్దని చెయ్యి కడుక్కుని లేచి వచ్చేశాను. షుగరు పెరిగి చిరాకు పడ్డానని అనుకున్నారట, అనుకోనీండి. వాళ్ళ సిన్నత్త అంటే నాకు పిన్ని, మా అమ్మకు చెల్లెలు. ఆవిడకు ఏం జరిగిందో ఆ నవ్వినవాళ్ళలో ఒక్కరికీ తెలియదు. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను కాబట్టి చెబుతాను.

డెబ్బైల మొదట్లో మేం వన్ టౌన్‌లో ఓ సన్నటి సందులో ఉండేవాళ్ళం. మా నాన్నగారిది గోదావరి జిల్లా. పోర్టులో ఉద్యోగానికి వచ్చి, ఈ పక్క పల్లె పిల్ల అయిన మా అమ్మను చేసుకుని ఇక్కడే ఉండిపోయారు. పిన్ని ఎస్సెల్సీ పాసై, టైపు నేర్చుకుని, ఉద్యోగం చూసుకోవడానికి మా ఇంటికి వచ్చింది. ఇంట్లో అందరికంటే ఆవిడ గొంతే చిన్నది. కూరలో ఉప్పెక్కువైందని చెప్పాలన్నా ముందు మంచినీళ్ళు రెండు గ్లాసులు తాగేది. ఆవిడ చెప్పింది ఎవరైనా వినడం నేను చూడలేదు. మా ముందుగదిలో చెక్కపెట్టె లాంటి పెద్ద రేడియో ఉండేది, దాని మీద అమ్మ కుట్టిన పువ్వుల గుడ్డ. రాత్రి పడుకునేముందు చేతి గడియారం తీస్తే ఆ గుడ్డ మీదే పెట్టాలి. పొద్దున్న వార్తల ముందు వచ్చే కూతల్ని బట్టి ముల్లు సరిచేసుకుని మరీ కట్టుకోవాలి. అది నాన్నగారి శాసనం. "గడియారం తప్పు చూపించడం కంటే లేకపోవడం నయమండీ," అనేవారు వచ్చినవాళ్ళతో కూడా. ఆయన మాత్రం తన గడియారాన్ని స్నానానికి తప్ప చేతి నుంచి తీసేవారు కాదు, ఏ వేళప్పుడు డ్యూటీకి పిలుపొస్తుందో అని. అమ్మకు గడియారమే లేదు, నాకూ లేదు. కాబట్టి ఆ రేడియో మీద నిద్రపోయేది ఎప్పుడూ పిన్ని గడియారం ఒక్కటే.

అది మూడు నెలలకు ఆగిపోయింది. బజార్లో ఎవరిచేతో బాగుచేయిస్తే పది రోజులు పరిగెత్తి, గంటకు పావుగంట ముందుకు పోయి, మళ్ళీ ఆగింది. మావయ్య, అంటే పిన్నికి అన్నయ్య, తన పాతది ఇచ్చాడు. అదీ అంతే. మూడోది తాతయ్య పల్లె నుంచి వచ్చినప్పుడు కొనిపెట్టాడు, అదీ ఆగింది. మూడోది ఆగిన ఆదివారం నాడు మావయ్య మా ఇంట్లో చేపల పులుసు తింటూ, వేలు నాకుతూ అమ్మతో ప్రకటించేశాడు, "ఇది వాచీల తప్పు కాదు అప్పా. దీని ఒంట్లోనే కరెంటుంది." అమ్మ నవ్వింది, నేను నవ్వాను, పిన్ని కూడా సిగ్గుపడుతూ నవ్వింది. ఆ సాయంత్రమే ఆవిడ కూరగాయలు పట్టుకుని గుమ్మంలో కాలు పెట్టేసరికి దీపం ఎర్రబడి టప్పున ఆరింది. సందులో అన్ని ఇళ్ళవాళ్ళూ దీపాలు వేసే వేళకు వోల్టేజీ పడిపోవడం, కరెంటు పోవడం ఆ రోజుల్లో ఎవరికి కొత్త? అయినా మావయ్య చీకట్లోంచి, "సూసారా, నాను సెప్పలేదా?" అని కేకేశాడు. అంతే, ఆ రోజు నుంచి ఆవిడ కరెంటు పిన్ని అయిపోయింది.

నిజం చెప్పొద్దూ, ఆవిడకు అది నచ్చింది. అంతవరకూ ఎవరూ పట్టించుకోని మనిషిని చూడటానికి పక్కింటివాళ్ళు వచ్చేవారు. తమ గడియారాలు ఆవిడ అరచేతిలో పెట్టి, ఆగుతుందా లేదా అని ఊపిరి బిగబట్టి చూసేవారు. ఆగకపోతే, "ఇయ్యాల నీరసంగా ఉన్నాది," అనేది పిన్ని, క్షమాపణ చెబుతున్నట్టు. కరెంటు పోతే ఇంటిల్లిపాదీ ఆవిడ మొహం చూసేవాళ్ళం. ఆవిడ గడ్డం కాస్త పైకెత్తేది. ఒకసారి పల్లెకు వెళ్ళి వారం రోజులు రాలేదు. మూడో రోజు ఇక్కడ దీపాలు పోతే మావయ్య తడుముకోకుండా, "అక్కడ బస్సెక్కీసినాదన్నమాట," అన్నాడు. ఊళ్ళో ఉంటే ఉన్నందుకు, లేకపోతే వస్తున్నందుకు! అయినా నవ్వాం. నేనూ నవ్వాను. అప్పటికి నేను కాలేజీలో ఫిజిక్స్ చదువుతున్నాను, అయస్కాంతాల ప్రయోగాల పుస్తకంలో బొమ్మలు నీటుగా వేస్తానని మాస్టారి చేత మెప్పులు కూడా పొందాను. ఏం లాభం? ఆ చదువును కాలేజీ గేటు దగ్గరే వదిలి ఇంటికి వచ్చేదాన్ని.

ఇంతలో పిన్నికి ఉద్యోగం వచ్చింది. పోర్టు పక్కన ఓడల సరుకు దింపించే ఓ ప్రైవేటు కంపెనీలో, టైమ్ ఆఫీసులో. గేటు దగ్గర గోడకు పెద్ద గడియారం, దాని కింద బొడ్డులో సందు. కూలీలు తమ కార్డు అందులో పెట్టి మీట నొక్కితే ఠక్కున గంట, నిమిషం అచ్చుపడేవి. ఆ కార్డులన్నీ చూసి హాజరు తేల్చడం పిన్ని పని. అక్కడ చేసిన నాలుగేళ్ళూ ఆవిడ నడక మారిపోయింది. పొద్దున్నే టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని సందు చివర దాకా తల వంచకుండా నడిచేది. ఆలస్యమైన కూలీలు గేటు దగ్గర బతిమాలుకుంటే, "రేపైనా తొందరగా రా తాతా," అని ఎవరో ముసలాయన్ని మందలించానని ఇంటికొచ్చి చెప్పి మురిసిపోయేది. ఆవిడ మాట జనం విన్నది, ఆవిడ బతుకులో, ఆ గేటు దగ్గరే. ఉద్యోగం అంటే ఆవిడకు జీతం కంటే అదే ఎక్కువ.

ఐదో ఏడు వానాకాలంలో ఆ గోడ గడియారం ఒకే వారంలో రెండుసార్లు ఆగింది. రెండుసార్లూ ఉదయపు షిఫ్టు వాళ్ళ కార్డుల మీద తప్పు టైము పడి, సగం రోజు హాజరు పోయింది. కష్టపడ్డవాడికి కడుపు మండదూ? కూలీలు గొడవ చేశారు, అందులో తప్పేమీ లేదు. తప్పంతా మా మావయ్యది. అదే రోడ్డులో ఇంకో ఆఫీసులో గుమాస్తా ఆయన. టీకొట్టు దగ్గర నిలబడి, తన చెల్లెలి చేతి మహిమ గురించి ఆ నాలుగేళ్ళూ నవ్వుతూ అందరికీ కథలు చెబుతూనే ఉన్నాడు. ఆ కథ కాస్తా గేటు దాకా నడిచి వచ్చింది. "ఆ అమ్మ సెయ్యి తగిల్తే గడియారం నిలబడదంట, ఆలన్నయ్యే సెప్పినాడు," అన్నారు కూలీలు. మేనేజరు పిన్నిని పిలిచి, "మీ మీద నాకేం లేదమ్మా. లేబర్ ఒప్పుకోవట్లేదు," అన్నాడు. తీసేస్తున్నానని అనలేదు, ఆ పుణ్యం కట్టుకోలేదు. ఊరికే అలా అని, ఓ తెల్లకాగితం ముందుకు జరిపాడట.

పిన్ని ఇంటికొచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. నాన్నగారు, "అదేం మాటండీ, గడియారం ఆగితే బాగుచేయించుకోవాలి గానీ," అన్నారు. ఆవిడ తలెత్తి, "ఆలన్నది అబద్దమేటి బావగారూ? ఆ కూలోల్ల కడుపు కొట్టి నానేటి బావుకుంటాను?" అంది. ఆవిడ ఒంట్లో కరెంటుందని ఆవిడకు నేర్పింది మేమే. రాజీనామా కాగితం ఇంగ్లీషులో ఎవరు రాశారు? నేను. ఆరోగ్య కారణాల వల్ల అని గుండ్రటి దస్తూరీతో రాసిచ్చాను. ఆవిడ సంతకం పెట్టి, సిరా ఆరేదాకా ఊదింది.

మరో రెండు నెలలకు నాకు పరీక్షలు వచ్చాయి. గడియారం లేదంటే పిన్ని మళ్ళీ బాగుచేయించిన తన గడియారం తెచ్చి నా చేతికి కట్టింది, "నీ సేతికైతే నడుస్తాదిలే," అని. నా చేతికి కూడా అది రెండో పేపరు సగంలో ఆగిపోయింది! హాల్లో కూర్చుని ఆ ముల్లు వంక చూస్తుంటే పరీక్ష సంగతి మరిచిపోయాను. నా ఒంట్లో ఏ కరెంటూ లేదే! బయటికి రాగానే మా సందు మొదట్లో ఉండే గడియారాల తాత దగ్గరికి వెళ్ళాను. ఆయన దాన్ని విప్పనైనా విప్పలేదు. సొరుగులోంచి చిన్న దిక్సూచి తీసి గడియారం పక్కన పెట్టాడు. దిక్సూచి ముల్లు గిర్రున తిరిగి గడియారం వైపు నిలబడింది. "రాత్రిపూట దీన్ని రేడియో మీద పెడతారేటమ్మా?" అన్నాడు. పెడతామన్నాను. రేడియోలో స్పీకరు వెనక ఇంత లావు అయస్కాంతం ఉంటుందనీ, దాని మీద నెలల తరబడి పెడితే లోపలి స్ప్రింగు పాడైపోతుందనీ చెప్పాడు. "రేడియో కొన్న ఇంట్లో ఇది మామూలే. నెలకి రెండైనా వస్తాయి నాకాడికి," అన్నాడు. ఓ తీగచుట్టలోకి గడియారాన్ని దూర్చి మెల్లగా వెనక్కి లాగాడు. టిక్కుటిక్కుమని నడవసాగింది. అయస్కాంతాల బొమ్మలకు మెప్పులు పొందిన నేను, ఆ కొట్టు బల్ల ముందు సిగ్గుతో చితికిపోయి నిలబడ్డాను.

అక్కణ్ణించి తిన్నగా పిన్ని ఆఫీసుకు నడిచాను. కోపంలో ఎండ కూడా తెలియలేదు. టైమ్ ఆఫీసులో పిన్ని కుర్చీలో మేనేజరు బావమరిది కూర్చుని ఉన్నాడు. గోడ గడియారం పొట్ట విప్పి బల్ల మీద ఉంది. ఓ మెకానిక్ కిరసనాయిలు గుడ్డతో తుప్పు తుడుస్తున్నాడు. పిన్ని వెళ్ళాక ఇది మూడోసారట. "ఉప్పుగాలమ్మా. సముద్రం పక్కన ఇనప సామాను ఎన్నాళ్ళుంటాది?" అన్నాడు మెకానిక్, చాలా తేలిగ్గా. నేను మేనేజరు గదిలోకి పోయి, "మీ బావమరిది గారి ఒంట్లో కూడా కరెంటుందేమో చూపించారా?" అని అడిగాను. ఆయన నవ్వాడు, చిన్నపిల్ల ముద్దుగా మాట్లాడినట్టు. ఆడమనిషి ఉన్నప్పుడు ఆగితే ఆవిడ చెయ్యి, మగాడున్నప్పుడు ఆగితే మెకానిక్! సాయంత్రం మావయ్య వచ్చినప్పుడు దులిపేశాను. ఆయన కాఫీ గ్లాసు దించకుండా, "సరదాకన్నానే. దానికింత గోలేటి?" అన్నాడు. సరదాట! ఒక మనిషి నిటారుగా నడిచే నడకను తీసుకుపోయి, దానికి పేరు సరదా.

ఇక పిన్నికి చెప్పాలి. పెరట్లో బియ్యం చెరుగుతోంది. గడియారం ఆవిడ చెవి దగ్గర పెట్టి, దిక్సూచి సంగతి, రేడియో సంగతి, ఆఫీసులో చూసింది, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. ఆవిడ సంతోషంతో గంతులేస్తుందని ఎదురుచూశాను, ఎంత తెలివితక్కువదాన్నో! చేట పక్కన పెట్టింది. గడియారాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "అయితే నా సేతిలో ఏటీ లేదా?" అంది. లేదు పిన్నీ, ఎప్పుడూ లేదు అన్నాను, ఉత్సాహంగా. "మరైతే నా ఉజ్జోగం ఉట్టినే పోనాదంటావేటే?" అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఒంట్లో కరెంటు ఉందంటే కూలీల కోసం వదులుకుంది. లేదంటే ఊరికే పోగొట్టుకుంది. నా చేతిలో ఉన్నదల్లా నిజం, దాంతో ఆవిడ దగ్గర మిగిలిన ఆ ఒక్కటీ ఊడలాక్కోబోతున్నానని అప్పటికి గాని తెలియలేదు.

"ఏమో పిన్నీ. తాత పొరబడ్డాడేమో. రేడియో మీద పెట్టినవన్నీ ఆగవు కదా," అన్నాను. నాకు చేతనైన అతి పెద్ద అబద్ధం అది. ఆవిడ నెమ్మదిగా తలూపింది. "అదే నానూ అంతన్నాను. నా సేతిలో ఏదో ఉన్నాది," అని, గడియారాన్ని నా చేతిలో పెట్టేసి, చేట తీసుకుంది. మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళలేదు. ఆ తర్వాత ఎన్నేళ్ళో, దీపాలు ఆరినప్పుడల్లా చీకట్లో నా వైపు తిరిగి, "సూసావా?" అనేది. "చూశాను పిన్నీ," అనేదాన్ని నేను. పిన్ని పోయింది, మావయ్య పోయాడు, ఆ కంపెనీ ఉన్న చోట ఇప్పుడు ఏముందో కూడా నాకు తెలియదు. నాకు డెబ్బై నిండవస్తోంది, మోకాళ్ళు సహకరించడం లేదు, పేర్లు గుర్తుండటం లేదు. ఆ పెరట్లో నిలబడి మింగిన కోపం ఒక్కదానికే ఇంకా వయసు రాలేదు.