మా అక్క, పాత పికప్పు, పగిలే ప్లగ్గులు

మా అక్క వంట చేసేది, నేను బండి తోలేవాడిని. మధురానగర్‌లో ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆమె చీకటితోనే పొయ్యిలు వెలిగించేది. ఇడ్లీ గిన్నెలు, చట్నీ క్యాన్లు పికప్పులో ఎక్కించుకుని జూబ్లీ హిల్స్ ఎత్తు మీదుగా ఫిల్మ్‌నగర్ షూటింగులకు చేరవెయ్యడం నా పని. సినిమా వాళ్లు మద్రాసు నుంచి ఒక్కొక్కరే ఇటు వచ్చేస్తున్న రోజులవి. ఎనభైలు అయిపోవస్తున్నాయి. గుట్టలు కొట్టి మేడలు కడుతుండేవారు. ఆ రాళ్ల దారిలో మా బండి రోజూ పైకెక్కాలి.

బండి పాతది, పెట్రోలుది. దాని జబ్బు ఒక్కటే, స్పార్క్ ప్లగ్గులు పగిలేవి. ఇంజను నెత్తిమీద నాలుగు ప్లగ్గులు తెల్లటి పింగాణీ మెడలతో వరసగా నిలబడి ఉండేవి. సగం ఎత్తు ఎక్కేసరికి బండి మిస్సింగ్ కొట్టి ఒళ్లంతా కుదిపేసేది. పక్కకు ఆపి, బానెట్ లేపి, పానా తగిలించీ తగిలించకముందే పింగాణీ తల ఊడి చేతిలోకొచ్చేది. మిగిలిన ఇనుప ముక్కను విప్పి, కొత్త ప్లగ్గును ముందు వేళ్లతోనే తిప్పి, చివర్లో మాత్రం పానాతో ఒక్క పట్టు బిగించేవాణ్ని. అంతకన్నా సుతారంగా బిగించేవాడు ఈ ఊళ్లో ఉంటే చూపించమని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

అయినా మాట పడింది నేనే. ఒకరోజు ఆలస్యంగా చేరితే అక్కడి షూటింగు ప్రొడక్షన్ మేనేజరు గిన్నె మూత తీసి చూసి, "ఇది పొద్దుటి టిఫినా అండీ, మధ్యాహ్నం భోజనమా? చెబితే దాన్నిబట్టి విస్తళ్లు వేయిస్తాం" అన్నాడు. లైట్‌బాయ్‌లందరూ నవ్వారు. ఆ రోజు అతను వేసుకున్న గళ్ల చొక్కా కూడా నాకు గుర్తుంది. ఇంకొక్కసారి ఆలస్యమైతే వేరే మెస్సు చూసుకుంటామని అక్కకు కబురు పంపాడు.

అక్క నన్నే పట్టుకుంది. "నీది మోటు చెయ్యిరా. చిన్నప్పుడు పలక కొనిస్తే పగలగొట్టుకొచ్చావు."

"పలక పగలగొట్టింది నువ్వు."

"ఇప్పుడు పలక సంగతి ఎందుకు?" అని చెయ్యి చాపింది. "తాళం ఇటివ్వు."

ఇచ్చాను. మర్నాటి నుంచి మోతీనగర్ కుర్రాడొకడు డ్రైవరుగా వచ్చాడు. నన్ను పక్కన కూర్చుని చట్నీ క్యాను ఒలికిపోకుండా పట్టుకోమంది. ఆ బండిని బేరమాడి తెచ్చింది నేను, దాని ప్రతి మూలుగూ తెలిసినవాణ్ని నేను. ఇప్పుడు కొబ్బరి చట్నీకి కాపలా. అతను నెల రోజులు కుదురుగా తోలితే తాళం అతని దగ్గరే ఉంటుందని అక్క తేల్చి చెప్పింది.

డ్రైవరు మంచివాడే, అదే నా బాధ. తిడదామంటే సందు దొరికేది కాదు. వారం తిరగకుండానే అదే ఎత్తు మీద బండి మళ్లీ కుదిపింది. దిగి పానా పెట్టాడు. తల ఊడి అతని చేతిలోకొచ్చింది.

"గిదేందన్నా, ముట్టుకుంటెనే ఊడొచ్చింది. నేనేం గట్టిగ తిప్పలే. అక్కకు నువ్వే జర చెప్పాలె."

చెప్పనా? ఆ పూట నాకున్నంత హుషారు మరెవరికీ ఉండదు. ఇంటికి రాగానే పగిలిన ముక్క అక్క ముందు పెట్టాను. ఆమె పప్పు రుబ్బుతూ తలెత్తకుండా, "పక్కన కూర్చుంది నువ్వేగా. నీ గాలి సోకి ఉంటుంది" అంది.

మర్నాడు పొద్దున నేను అలిగి బండెక్కలేదు. చట్నీ క్యానుతో గేటు దగ్గరే నిలబడ్డాను. సినిమావాళ్లు మొదటి షాట్‌కు కొబ్బరికాయ కొడతారు కదా, అది చూసి అక్క మా బండికి రోజూ కొట్టేది. ఆపితే మళ్లీ కదలదేమోనని ఇంజను నడుస్తుండగానే బానెట్ లేపి హారతి ఇచ్చేది. నేను స్టీరింగ్ ముందు కూర్చుని, ఆగిపోకుండా కాలితో యాక్సిలరేటర్ తొక్కుతూ ఉండేవాణ్ని. లేచిన బానెట్ అద్దానికి అడ్డం. నాకు కర్పూరం పొగ తప్ప ఇంకేమీ కనిపించేది కాదు.

ఆ రోజు స్టీరింగ్ ముందు డ్రైవరున్నాడు, గేటు దగ్గర నుంచి నాకు అంతా కనిపించింది. అక్క బంపరు మీద కాయ కొట్టి, చిప్పలోని నీళ్లు ఒక్కొక్క ప్లగ్గు మీదా కొంచెం కొంచెంగా పోసింది, వరసగా కూర్చున్న పిల్లలకు పాలు పోసినట్టు. "చల్లగా ఉండు తల్లీ, ఎత్తు మీద మావాణ్ని ఏడిపించకు" అంటోంది. కాగిన పింగాణీ టిక్కుమంది.

మావాణ్ని అంటే నన్నే. తాళం లాక్కున్నాక కూడా నా పేరు మీదే మొక్కుతోంది. అయినా నేను వదులుతానా?

"అక్కా, కాలుతున్న లాంతరు చిమ్నీ మీద నీటిచుక్క పడితే ఏమవుద్ది?"

"పగులుద్ది. ఎందుకు?"

నేను ఇంజను వైపు చూపించాను. ఆమె చేతిలోని చిప్పను చూసింది, ప్లగ్గులను చూసింది. డ్రైవరు దిగొచ్చి తొంగి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఒక పింగాణీ మెడకు సన్నటి గీత పడి ఉంది.

"దేవుడి నీళ్లురా అవి," అంది అక్క.

"పింగాణీకి అవి ఎవరి నీళ్లో తెలుస్తుందా?"

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా."

"బానెట్ వెనక నువ్వు ఏం చేస్తున్నావో నాకెలా తెలుస్తుంది?"

గీత పడ్డ ప్లగ్గును నేనే మార్చాను. డ్రైవరు నవ్వుకుంటూనే తాళం తీసి ఆమెకిచ్చాడు. తర్వాత జూబ్లీ హిల్స్‌లో ఒక మేడలో కారు నడిపే పనికి కుదిరాడు. ఎక్కడ కనిపించినా "అన్నా, కొబ్బరినీళ్లు?" అనేవాడు.

అక్క తాళాన్ని హారతి పళ్లెంలో పెట్టి, దానికి కుంకుమ బొట్టు పెట్టి, పళ్లెం నా ముందుకు జరిపింది.

"చేతికివ్వు," అన్నాను.

"చేతులు ఖాళీ లేవు. తీసుకుంటావా, ఇడ్లీలు చల్లారబెడతావా?"

తీసుకున్నాను. తప్పు తనదేనన్న మాట మాత్రం ఆమె నోట రాలేదు. మిగిలిన కొబ్బరినీళ్లు ముందు టైరు మీద పోసి, నేను మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడింది. అద్దంలో చూశాను.