చివరి ఇంటి జున్ను

మొన్న మా మనవడు ఇక్కడ వకోవాలో, మేముండే వీధిలోనే పాల దుకాణం తెరిచి, సర్కారు ఇచ్చిన లైసెన్సుకి అద్దం కట్టించి, దేవుడి పటం పక్కనే మేకు కొట్టి తగిలించాడు. వచ్చినవాళ్లంతా దేవుడికి దండం పెట్టి, ఆ కాగితం వంక కూడా భక్తిగా ఓ చూపు చూసి వెళ్తుంటే నాకు నవ్వాగలేదు, ఎందుకంటే మా అవ్వ బతికినన్నాళ్లూ పాలమ్మింది గానీ అలాంటి కాగితం మొహం ఎరగదు.

నా ఈడువాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, మోటారు బస్సులు ఇంకా రాని ఆ రోజుల్లో ఈ దీవిలో మేమప్పుడుండే షెమాన్ గ్రెనియే ఊరి చుట్టూ ఎటు చూసినా చెరుకే, ఆ చెరుకంతా దొరదే. దొర ఆవుల పాలకు పతాంత్ ఉండేది, అంటే ఇప్పటి లైసెన్సే, కాబట్టి అవి బండెక్కి దర్జాగా రోడ్డు మీద పోయేవి. ఆ పతాంత్ కొనే తాహతు మాకు లేదు కాబట్టి మా ఒక్కగానొక్క ఆవు పాలు గడ్డిమోపులో దాచిన చెంబులో, అవ్వ నెత్తి మీద పోయేవి. ఆ గడ్డి కూడా దొర గట్ల మీద అడక్కుండా కోసిందే. నాన్న కూలితో బియ్యం, పప్పు గడిచేవి, మా ఒంటి మీద గుడ్డ మాత్రం ఆ చాటు పాలదే. నాన్న పనిచేసేది చక్కెర మిల్లులో అయినా ఇంట్లో చక్కెర కొనే స్తోమత లేక, ఆయన అన్నం డబ్బాలో అప్పుడప్పుడు గుప్పెడు నల్లచక్కెర గేటు దాటి వచ్చేసేది. దాన్ని తప్పని మాలో ఎవరూ అనుకోలేదు, నేనిప్పటికీ అనుకోను.

ఆ ఏడు మా ఆవు చూలుతో ఉండగా, పాలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు ఒకాయన, మన భాష రాని ఈ దీవి క్రియోల్ మనిషి, పెళ్లాన్నీ పసిబిడ్డనీ వెంటబెట్టుకుని మా వీధి చివరి ఇంట్లో అద్దెకు దిగాడు. పతాంత్ లేకుండా పాలమ్మితే జరిమానా, అది కట్టలేకపోతే ఆవునే తోలుకుపోతారు. మా ఇంట్లో అందరి గుండెల్లో రాయి పడింది.

అంతలో ఆవు ఈనింది. ఈనిన ఇంటి జున్ను వీధిలో ఏ గడపా తప్పకుండా పంచాలన్నది మా తెలుగువాళ్ల ఆచారం, తప్పితే పొదుగు ఎండిపోతుందని నమ్మకం.

"ఆ ఒక్క ఇల్లు వదిలెయ్యమ్మా, ఆవు పోద్ది," అన్నాడు నాన్న.

"గడప తప్పితే పాలే పోతాయి, ఇంక ఆవుండి ఏం లాభం," అంది అవ్వ.

ఆ రోజు నాన్న అన్నం ముట్టలేదు. అవ్వ మాత్రం ఆ మిల్లు చక్కెరే వేసి, మిరియాలు దంచి కలిపి, జున్ను ఆవిరి మీద ఉడికించి, అరిటాకులో పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని తిన్నగా చివరి ఇంటికి నడిచింది. తలుపు ఇన్‌స్పెక్టరే తీశాడు. ఒక ముక్క నోట్లో వేసుకుని ఇదేమిటని అడిగితే, అవ్వ "దిలే" అని, పాలకు తనకొచ్చిన క్రియోల్ మాట చెప్పి, మా పాక వైపు చెయ్యి చూపించింది. ఆయన మా పాకనీ, అవ్వనీ, చేతిలో జున్నునీ మార్చి మార్చి చూసి భార్యని పిలిచాడు.

మర్నాడు తెల్లవారేసరికి ఆ ఇల్లాలు మూతగిన్నె కొంగు కింద దాచుకుని మా పెరటి గుమ్మంలో నిలబడి ఉంది. చంటిబిడ్డకి తన పాలు చాలడం లేదట, దొర పాలు కొనడానికి ఆయన జీతం చాలదట. ఆనాటి నుంచి ఇన్‌స్పెక్టరు తనిఖీకి బయల్దేరితే సైకిలు బెల్లు వీధి చివరి నుంచే మోగించుకుంటూ వచ్చేవాడు, అవ్వ తాపీగా చెంబు మీద గడ్డి సర్దుకునేది. ఎంత హాయిగా బతికామో.

ఇప్పుడు మనవడికి దాచుకోవలసిందేమీ లేదు, సంతోషమే. దుకాణం తెరిచిన రోజు వీధిలో ఏ ఇల్లూ వదలకుండా మిఠాయి పంచమన్నాను. వాడు పళ్లెం పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి నా వైపు తిరిగి, "అవ్వా, ఆ చివరి ఇంట్లో ఎవరుంటారు?" అని అడిగాడు. ఇన్నేళ్లుగా ఈ వీధిలోనే ఉంటున్నాను, ఆ ఇంట్లో ఎవరుంటారో నాకూ తెలియదు.