అందరికీ తెలిసింది కొట్టెయ్యమన్న టీచర్

ఎస్తేరమ్మ టీచర్ ఇక లేరన్న కబురు నాకు మొదట తెచ్చినవాడు నంద్యాల బస్సు కండక్టర్ మాబన్న. ఆళ్లగడ్డలో మా వీధి చివరి షెడ్లలో శిల్పులు అప్పుడే రాయి కోసే మిషన్లు వేశారు. ఆ మోతకు గొంతు పెంచి, "మీ టీచరమ్మ పాయమ్మా, తెల్లారేసరికి," అన్నాడు. గాలిలో తడిసిన రాతిదుమ్ము వాసన. ఆ వాసన తగిలినప్పుడల్లా నాకు దేవుడికంటే ముందు టీచరే గుర్తొస్తారు. ఆ తప్పును స్వామి మన్నిస్తాడనే నమ్మకం.

నేను బడికి పోయినదాన్ని కాను. చిన్నప్పటి నుంచి ఆయాసం. అహోబిలం గుడిలో ప్రసాదాలు వండే మా నాయన, పని ముగించుకుని వచ్చి నాకు ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు. ఇరవై నాలుగేళ్లకు రాయాలన్న కోరిక నిండుగా ఉంది, చూపించుకోవడానికి ఒక్క సర్టిఫికెట్ లేదు. ఎస్తేరమ్మ గారు రిటైరైన తెలుగు టీచరు. నంద్యాలలో తమ ఇంటి ముందు గదిలో కంప్యూటర్ పెట్టుకుని, చుట్టుపక్కల ఊర్ల గురించి ఒక బ్లాగు నడిపేవారు. నా చదువెంతని అడగకుండా రాయమన్నది ఆమె ఒక్కరే.

అలాంటి మనిషికి నేను మొదట ఇచ్చింది దొంగ వ్యాసం. మహానంది గురించి ఇంటర్నెట్‌లో దొరికిన నాలుగు వ్యాసాల నుంచి నాలుగు ముక్కలు తీసి అతికించాను. ఆమె చదివి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకున్నారు.

"ఏమ్మా, మహానందిలో ఎన్ని మెట్లెక్కినావ్?"

నేను చేతిలోని బస్సు టికెట్టు మడతలు పెడుతూ కూర్చున్నాను.

"'కొండ మెట్లు ఎక్కుతుంటే ఒళ్లు పులకరించింది' అని రాసినావే. ఆడ కొండెక్కే పని యాడుంది? నేను ఆదివారం చర్చికి పోయేదాన్ని, నాకే తెలుసు. నామాలు పెట్టుకునే ఇంట్లో పుట్టినావ్, నీకు తెలీదా?"

ఆయాసం వల్ల నన్ను మహానందికి ఎప్పుడూ తీసుకుపోలేదని చెప్పాను. ఆమె గొంతు తగ్గింది గానీ మాట మారలేదు. "పోకపోవడం తప్పు గాదు పాపా. పోయినట్టు రాసేది తప్పు. ఇంకొక్కటి రాసుకోనిరా. అది నీ కంటితో చూసింది కాకుంటే, ఈ బ్లాగులో నీ పేరుండదు."

బస్సులో ఇంటికి వస్తూ దారంతా ఏడ్చాను. ఆ ఒక్క తలుపూ మూసుకుంటే నాకు ఇంకో తలుపు లేదు. మా వీధి శిల్పుల గురించే రాయాలని ఆ రోజే నిశ్చయించుకున్నాను.

మరుసటి వారం పోతే టీచర్ ఒక కాగితం ఇచ్చి, ఆళ్లగడ్డ విగ్రహాల గురించి అందరికీ తెలిసిన పది వాక్యాలు రాయమన్నారు. నల్లరాయి, తరాల పనితనం, దూర దేశాలకు పోయే విగ్రహాలు... గబగబా రాసేశాను. ఆమె ఎర్ర పెన్సిల్‌తో ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోయారు.

"ఇంగ ఏం మిగిలింది?"

"ఏం మిగల్లేదు టీచర్."

"మంచిదాయ. ఇప్పుడు పోయి ఆ షెడ్డు కాడ నిలబడు. ఈ పదీ మళ్లీ అడగాకు."

షెడ్డు యజమాని బ్రహ్మయ్య. ఆయన దగ్గర రెండు రోజులు నిలబడ్డాను. ఎంత ఆపుకున్నా నోట్లోంచి ఆ పది మాటలే వచ్చేవి. ఆయన ఉలి ఆపకుండానే పాఠంలా ఒప్పజెప్పేవాడు. మూడో రోజు షెడ్డు వెనక గోడవారగా పడి ఉన్న ఒక బండ కనిపించింది. చెక్కడం లేదు, నునుపు లేదు. దాని మీద అప్పుడే కోసిన గన్నేరు పువ్వు ఉంది.

"ఉత్త బండకు పువ్వెందుకు పెట్టినారక్కా?" అని బ్రహ్మయ్య భార్య నాగమ్మను అడిగాను.

ఆమె మొగుడి వైపు చూసింది. ఆయన ఉలి ఆపాడు. "అది ఉత్త బండ కాదమ్మా. అమ్మవారు. ముక్కు కాడ లేసిపాయ. మూన్నెల్ల పని," అన్నాడు. దెబ్బ తిన్న విగ్రహాన్ని వాళ్లింట్లో అమ్మరు. తప్పైందమ్మా అని మొక్కి, ముఖం నేలవైపు పెట్టి పడుకోబెడతారు. ఏడాది పాటు రోజూ ఒక పువ్వు. ఆ తర్వాతే ఆ రాయిని కోసి దీపపు కుందులు చేస్తారు. "మా నాయన నేర్పినాడు. ఇంతవరకు దీన్ని ఎవురూ అడగల్యా," అన్నాడు.

నాలుగు రోజులు కూర్చుని రాశాను. చదివాక టీచర్ మెచ్చుకోలేదు. "ఆయప్పను అడిగినావా, రాయొచ్చా అని?" అన్నారు.

అడిగితే బ్రహ్మయ్య వద్దన్నాడు. "మా చేతిలో విగ్రహాలు పగుల్తాయని గిరాకీలు అనుకుంటారు. పొట్ట కొట్టాకు తల్లీ."

ఫోన్‌లో టీచర్‌కు చెప్పాను. "అయితే ఆపెయ్. నీ పేరు కోసం ఇంకొకరి అన్నం చెడగొట్టేది లేదు," అన్నారు.

ఆ మాటకు తల వంచాను గానీ చేతులు ముడుచుకుని కూర్చోలేకపోయాను. తెల్లారి దీపం పెట్టి, కాగితాలు పట్టుకుని షెడ్డుకు పోయాను. "వద్దంటే ఈడనే చించేస్తా అన్నా. ఒక్కసారి వినండి," అన్నాను. ఆయాసానికి మధ్యమధ్య ఆగుతూ చదివాను. ముగిసేసరికి నాగమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది.

"రాయనీయప్పా. పగలగొట్టినామని యాడ రాసింది? పగిలిన తల్లిని ఎట్ల చూసుకుంటామో రాసింది."

బ్రహ్మయ్య ఉలి కింద పెట్టి, "నా పేరు కింద మా నాయన పేరు గూడా వెయ్యి," అన్నాడు.

వ్యాసం ఎక్కించేటప్పుడు టీచర్ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. రాసినవాళ్ల పేరు కింద చదువు రాసే గడి ఒకటుంది. నేను సిగ్గుపడి, ఖాళీగా వదిలేయమన్నాను. ఆమె వదల్లేదు. "ఇంటి చదువు" అని టైపు కొట్టి, "ఏం, తక్కువా?" అన్నారు.

తర్వాత పన్నెండేళ్లు రాస్తూనే ఉన్నాను. ఏం రాయాలో తోచక చేతులు ఆగిపోయిన రోజులు చాలా ఉన్నాయి. అలాంటి రోజున పూజ ముగించి కాగితం తీసుకుంటాను. నాకు తెలిసినవన్నీ రాసి, కొట్టేస్తాను. మిగిలిన ఖాళీ చూస్తే ఇప్పుడు భయం లేదు. అక్కడే ఎవరో నేను అడుగుతానని ఎదురుచూస్తున్నారని అనిపిస్తుంది. వాళ్ల సంగతి రాసి బయటపెట్టే ముందు, రాయొచ్చా అని వాళ్లనే అడగాలని కూడా ఆ తల్లి నేర్పింది.

మీరు ఆమెను చూడలేదు. ఈ రోజు మీ ప్రార్థన ఏ దేవుడికైనా కానీయండి, అందులో ఎస్తేరమ్మ అనే పేరు ఒక్కసారి తలుచుకోండి.