బేసి పళ్ళు

రంపం మిషనుకి పొడుగాటి బార్ వేయాలన్న పిచ్చి నాకు ఎవరూ ఎక్కించలేదు, నాకు నేనే ఎక్కించుకున్నాను. కొల్నార దగ్గర మాది చిన్న సాగు. అడ్డొచ్చిన కొమ్మలు తీసేయడానికని కొన్న చిన్న మిషను అది. పదహారు అంగుళాల బార్‌తో, అంటే చైను చుట్టూ తిరిగే ఇనప పట్టీతో, వచ్చింది. రెండేళ్ళు కిక్కురుమనకుండా పనిచేసింది. కానీ పక్క పొలం రైతు తన పెద్ద మిషనుతో దుంగను ఒక్క ఊపున కోసెయ్యడం చూశాక, నాది నాకు కూరగాయల కత్తిలా కనబడసాగింది.

మా అత్తవారిది జయపురం. వేసవిలో మా ఆవిడను అక్కడ దింపి నేను బజారు మీద పడ్డాను. ఒక కొట్లో ఇరవై రెండు అంగుళాల బార్, దానికి తగిన చైను తీయించాను. స్ప్రాకెట్ కూడా అరిగిందని అప్పుడే గుర్తొచ్చింది. ఇంజను పక్కనుండి చైనును లాగే పళ్ళ చక్రం అది. పాతదానికి ఏడు పళ్ళు, కొత్తదొకటి ఇమ్మన్నాను. కొట్టతను ఆ బార్‌నూ నన్నూ మార్చి మార్చి చూసి, ఒడియాలో "బేసి దాంతొ?" అని అడిగాడు.

ఇక్కడ నా సంగతొకటి చెప్పాలి. పాలకొండ వైపు పల్లె నుంచి ఇక్కడికొచ్చి పన్నెండేళ్ళయింది. సంతలోనూ ఆఫీసుల్లోనూ ఒడియా బాగానే లాగించేస్తాను. కానీ అంకెలు వచ్చేసరికి నా బుర్ర తెలుగులోకి దూకేస్తుంది. దాంతొ అంటే పళ్ళని ఒడియాలోనే అర్థమైంది. బేసి మాత్రం తెలుగులో వినబడింది. ఏడు బేసి సంఖ్యే కదా! ఎంత తెలివైనవాడో అనుకుని, "హఁ హఁ, బేసి" అన్నాను. ఇద్దరం మర్యాదగా తలలూపుకున్నాం.

ఇంటికొచ్చి అన్నీ బిగించాను. పాత సామాను పాతినుప సామాన్లవాడికి వేసెయ్యమని మా ఆవిడకు చెప్పాను. కొత్త బార్‌తో కోయడానికి ఏమీ లేక, వచ్చేపోయేవాళ్ళకు చూపిస్తూ గడిపాను.

జూన్‌లో ఒకరోజు గాలివానకు పెద్ద నల్లమద్ది చెట్టు మా కాలువకు అడ్డంగా పడింది. గెడ్డవాగు నుంచి మా నారుమడికి నీళ్ళు తెచ్చేది ఆ కాలువే. నీళ్ళు దుంగ దగ్గర ఆగి, తిరిగి గెడ్డలోకే పొర్లిపోతున్నాయి. వాన ఆ ఒక్కరోజే కురిసి ఊరుకుంది. మూడో రోజుకల్లా మడి నెర్రెలిచ్చింది. అదంతా మా ఆవిడ చల్లిన విత్తనం. మళ్ళీ చల్లడానికి ఇంట్లో గింజ లేదు, అదునూ దాటిపోతోంది. ఆ నారు పోతే ఆ ఏడు మాకు వరి లేనట్టే.

అయినా నాకు లోలోపల హుషారుగానే ఉంది, సిగ్గులేని మాటే గానీ నిజం. నా పొడుగాటి బార్‌కి తగిన పని దొరికింది మరి.

మిషను గాల్లో రయ్యిమని తిరిగింది. ఇంత జోరు ముందెప్పుడూ లేదు. దుంగలో నాలుగు వేళ్ళ లోతు దిగిందో లేదో, ఇంజను మూలిగి ఆగిపోయింది. మళ్ళీ తాడు లాగాను, మళ్ళీ ఆగింది. పెట్రోలు కల్తీ అన్నాను. చైనుకు పదును లేదన్నాను. జయపురం కొట్టతను పచ్చి మోసగాడన్నాను. చివరికి దుంగను కూడా తిట్టాను.

చోడంబలి తెచ్చిన మా ఆవిడ కాసేపు చూసింది. వాళ్ళ నాన్న రైస్ మిల్లులో ఇంజను మేస్త్రీ. మిషన్ల చప్పుడు మధ్యే పెరిగిన మనిషి.

"ఓపాలి ఆపండి. ఏటి మార్చేరు దీనికి?"

"ఏటీ మార్చలేదు. పెద్ద బార్ ఏసేను, అంతే!"

ఆవిడ మూత విప్పించి, పళ్ళను గోటితో ఒక్కొక్కటే తడిమింది. "ఎనిమిదున్నాయి."

"ఏడుంటాయి. సరిగ్గా లెక్కెట్టు."

"మీరే లెక్కెట్టండి."

మూడుసార్లు లెక్కపెట్టాను. ఎనిమిదే. "దొంగనాకొడుకు! బేసి అని అడిగేడు, బేసే ఇమ్మన్నాను!"

"ఏటని అడిగేడు? మళ్ళీ సెప్పండి."

చెప్పాను. మా ఆవిడ దుంగ మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఒడియాలో బేసి అంటే ఎక్కువండీ! ఎక్కువ పళ్ళు కావాలా అని అడిగేడు. మీరు కావాలన్నారు."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నవ్వు ఆపుకుని ఆవిడే చెప్పింది. "మా మిల్లులోనూ ఓపాలి ఇలాగే అయ్యింది. ఇంజనుకి పెద్ద పుల్లీ ఏసేరు. ఒట్టిగా ఉన్నంతసేపూ బెల్టు జోరుగా తిరిగీది. వడ్లు పోయగానే కూలబడిపోయీది. దీనికి పళ్ళూ ఎక్కువే, బారూ పొడుగే. ఇంజనేమో సిన్నది. పాపం, ఎక్కడ లాగుతాది?"

"పాతవి పారేయించేను కదే."

"మీరన్నారు. నేను పారేస్తేనా?"

ఇంటికెళ్ళి అటక మీద నుంచి మూట దింపింది. నూనెగుడ్డలో చుట్టిన పదహారు అంగుళాల బార్, చైను, అరిగిన ఏడు పళ్ళ చక్రం. అరిగినా ఈ పూటకి చాలంది. పొట్టి బార్ దుంగ అవతలికి అందదని నేనింకా సణుగుతూనే ఉన్నాను. "ఇటు సగం, అటు సగం కోయండి. అటుపక్కకి నడవలేరా ఏటి?" అంది.

నడిచాను. మిషను పాత గొంతుతో, తొందరపడకుండా కోసుకుంటూ పోయింది. ఎక్కడా ఆగలేదు. పొద్దు వాలేలోపు మధ్య ముక్క రెండు కొసలా తెగింది. ఇద్దరం గునపాలు వేసి దాన్ని గట్టు మీదకు దొర్లించాం. కాలువ ఒక్కసారి బురద కక్కి కదిలింది.

మా ఆవిడ నీళ్ళ వెంట మడి వైపు పరిగెత్తింది. నేను గట్టు మీదే నిలబడ్డాను. దారిలో ఎక్కడైనా ఇంకిపోతాయేమో, ఆలస్యమైపోయిందేమో అని నా భయం.

కింద నుంచి కేక వినబడింది. "బేసి! బేసి వస్తన్నాయండీ!"

ఈసారి సరిగ్గానే అర్థమైంది. గునపం అక్కడే పడేసి నేనూ మడి వైపు పరిగెత్తాను.