గెంట్ గోపురానికి బొట్టు

మా మందుల ఫ్యాక్టరీకి మాత్రలు అచ్చువేసే కొత్త మిషను బెల్జియం నుంచి వచ్చిన ఏడు, దానితోపాటు ఒక గోడ క్యాలెండరు కూడా వచ్చింది. మిషను పెద్దసార్లకు, క్యాలెండరు మాకు. పటాన్‌చెరులోని మా మెయింటెనెన్స్ షెడ్డులో, గ్రీజు డబ్బాల పైన మేకుకు దాన్ని తగిలించింది నేనే. నెలకొక బొమ్మ. అన్నీ ఆ మిషను పుట్టిన గెంట్ అనే పాత ఊరివి.

పని నేర్చుకోవడానికి ఒకరిని ఆ ఊరికి పంపుతామన్నారు. వెళ్ళదగ్గవాళ్ళం ఇద్దరమే: నేను, పనిలో నా జోడీ. వాళ్ళది కోస్తా నుంచి వచ్చి ఇక్కడి సర్కారు ఫ్యాక్టరీ క్వార్టర్లలో స్థిరపడిన కుటుంబం, నాది చిట్కుల్. ఇద్దరం ఒకే రోజు పాస్‌పోర్టుకు కాగితాలు పెట్టాం. విచారణకు పోలీసు వస్తే వాళ్ళమ్మ టీ ఇచ్చి కూర్చోబెట్టింది. మా వాడకు వచ్చినప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను. కాగితంలోని నా బడి పేరు వాడలో ఎవరికీ తెలియదు. అందరికీ నేను చిన్నోడినే. తెలిసినా చెప్పేవాళ్ళు కాదనుకోండి.

"గసొంటోడు ఈడ ఎవ్వడు లేడు సారూ," అని మా పెద్దమ్మ తేల్చేసిందట. సాయంత్రం నాతో గర్వంగా అంది: "నీ జోలికి రాకుండ పంపిచ్చిన బిడ్డా. జెర పైలంగ ఉండు."

ఉన్నాను. చిట్కుల్‌లోనే, పాస్‌పోర్టు రాక, పైలంగా.

వాడికి టికెట్టు ఖాయమైనప్పటి నుంచి నాకు క్యాలెండరు చూడటం ఎక్కువైంది. ఊరి నడుమ నీళ్ళ కందకంతో రాతి కోట. వరుసగా మూడు గోపురాలు. రెండు చర్చీలవి, నడిమిది ఊరి గంటలది. నది ఒడ్డున, ముఖాలు మెట్లు మెట్లుగా పైకి పోయే పాత మేడలు. అందులో ఒకటి పడవలవాళ్ళ సంఘానిది, ఇంకొకటి ధాన్యం కొలిచేవాళ్ళదని కింద రాసి ఉంది. వందల ఏళ్ళ కిందట ధాన్యం కొలిచేవాళ్ళకు నది ఒడ్డున సొంత మేడ! మా యూనియన్‌కు ఇస్నాపూర్‌లో టైర్ల దుకాణం వెనక రేకుల గది. మాకూ పక్కన ఫ్యాక్టరీల నీళ్ళు కలిసే వాగుంది. ఏ రోజు రంగు ఆ రోజుదే.

దసరాకు ఆయుధపూజ వచ్చింది. అక్టోబరు బొమ్మ గంటల గోపురం. దాని కొనమీద బంగారు పూత పూసిన డ్రాగన్, రెక్కలొచ్చిన ఉడుములా. పానాలకు, డ్రిల్లు మిషనుకు, చివరికి చీపురుకు కూడా బొట్లు పెడుతూ వచ్చి క్యాలెండరు దగ్గర ఆగాను. వారంలో వాడు ఆ గోపురం ఎక్కుతాడు. కనీసం నా వేలైనా ముందు చేరాలనిపించింది. నూనెలో కలిపిన కుంకుమతో డ్రాగన్ కింద, గోపురం నుదుట, నిండుగా ఒక బొట్టు పెట్టాను.

బొట్టు పెట్టిన కాగితాన్ని తిప్పడానికి ఇక ఎవరికీ చేతులు రాలేదు. బయట నవంబరు పోయింది, డిసెంబరు వచ్చింది. షెడ్డులో మాత్రం అక్టోబరే. సెలవు చీటీల్లో తేదీలు తప్పుతున్నాయని సూపర్‌వైజరు తిట్టాడు గానీ, ఆయనా తిప్పలేదు.

వాడు చాక్లెట్లతో, ఆల్బంతో తిరిగొచ్చాడు. కోట ముందు వాడు. మేడల ముందు వాడు. వంతెన మీద వాడు, నేనిచ్చిన స్వెట్టరులో. మా ఇంట్లో విదేశం చూసింది ఆ స్వెట్టరొక్కటే.

"గోపురం ఏదిరా?" అన్నాను.

వాడు పేజీ తిప్పాడు. కింది నుంచి పైదాకా ఇనుప పైపులు, వాటిమీద ఆకుపచ్చ గుడ్డ.

"రిపేర్లురా. ఎక్కనివ్వలేదు."

"అంటే గంత దూరం పోయి పరదా సూసొచ్చినవా?"

షెడ్డంతా నవ్వింది. ఆ రోజు క్యాంటీనులో రెండోసారి అన్నం పెట్టించుకున్నాను.

రెండు రోజులకు, ఎవరూ లేనప్పుడు వాడు నా దగ్గరికి వచ్చాడు. "ఆ అక్టోబరు కాగితం ఇస్తావా? గోపురం ఎక్కానని అక్కడి నుంచే అమ్మకి ఫోన్లో చెప్పేశాను. ఇప్పుడు చూపించమంటోంది."

"ఎందుకు జెప్పినవ్‌రా?"

"ఫోన్లో ఏడుస్తోందిరా. ఏదో ఒకటి చెప్పాలిగా."

కాగితం చింపి, కింది తేదీలు కత్తిరించి ఇచ్చాను. నేనూ వస్తానన్నాను. వాడి గుట్టు విప్పే అవకాశాన్ని ఇంకొకరికి వదిలే మనిషిని కాను.

క్వార్టరులో వాళ్ళమ్మ కళ్ళజోడు లేకుండా, కాగితాన్ని చేయి చాపి పట్టుకుని చూసింది. "అక్కడా బొట్టు పెడతారేంట్రా?"

వాడు తెల్లబోయి నా వైపు చూశాడు. ఒంటిమీద ఇంకా నా స్వెట్టరే. ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక చివరే ఉంది.

"మనోడే పెట్టిండు ఆంటీ," అన్నాను. "అంత పైకెక్కి ఉత్తగ దిగొస్తడా?"

ఆమె కళ్ళొత్తుకుంది. "నా తండ్రే! అంత ఎత్తెక్కి మన బొట్టు పెట్టొచ్చాడా!"

కాగితం దేవుడి పటాల పక్కకు చేరింది. ఊరు వాడికి పోయింది, స్వెట్టరు పోయింది, ఇప్పుడు నా బొట్టూ వాడిదే. నాకు ఒక గ్లాసు మజ్జిగ దక్కింది.

మర్నాడు షెడ్డులో, జనవరి మొదట్లో, నవంబరు వచ్చి ఉంది. బొమ్మ రాతి కోటది. వాడు దాని ముందు దిగిన ఫొటోలో ఏ పరదా లేదు, ఏ బొట్టూ లేదు. ఇక్కడ పెడితే అది నాదే. కుంకుమ పొట్లం ఎక్కడ పెట్టామా అని అరలన్నీ వెతికాను.