అమ్మ కోసం కొన్న కారు

టిమోతి కారు కొన్నది అమ్మ కోసమే. కనీసం అందరికీ అలాగే చెప్పుకున్నాడు. మోకాళ్ల నొప్పులతో తల్లి సుసన్నా షేర్ ఆటోలో ఇరుక్కుని చర్చికి పోవడం చూడలేకపోతున్నానని సెంటినరీ కాలనీలో నలుగురూ వినేలా అన్నాడు. తెల్ల కారు, పైన తెరుచుకునే కప్పు. మోకాళ్ల నొప్పులకు ఆ కప్పు ఏ రకంగా మందో ఎవరూ అడగలేదు, తనూ ఆలోచించలేదు.

తండ్రి ఎలీషా మెడికల్ అన్‌ఫిట్ అయితే వచ్చిన బొగ్గుబాయి ఉద్యోగం టిమోతిది. ఇరవై ఏడేళ్లకే పర్మినెంటు. జీతం చీటీ చూపగానే ఫైనాన్స్ వాళ్లు కుర్చీ వేసి కూల్‌డ్రింకు తెప్పించారు. అయితే అది మామూలు నెల చీటీ కాదు. ఆ నెల నాలుగు ఆదివారాలూ ప్లేడే చేశాడు. సెలవు నాడు బాయిలోకి దిగితే రెట్టింపు కూలి. ఆ లావు చీటీయే అతని అసలు జీతమని ఫైనాన్స్ వాళ్లు నమ్మారు. వాళ్లననడానికి లేదు, టిమోతి కూడా నమ్మాడు.

ఆ లెక్కన వేసిన కిస్తీ కట్టాలంటే ప్రతి ఆదివారం డ్యూటీకి పోవాల్సి వచ్చింది. చర్చి ఉండేదీ ఆదివారమే. కారు కవరు కప్పుకుని ఇంటి ముందు పడుంటే, సుసన్నా దాని పక్కనుంచే నడిచిపోయి ఆటో ఎక్కేది. ఏడు నెలల్లో ఆమె ఆ కారులో చర్చికి పోయింది ఒక్కసారి, అదీ క్రిస్మస్ బుధవారం వచ్చింది కాబట్టి.

ఇంత తెలివి తనకెక్కడి నుంచి వచ్చిందా అని టిమోతికే ఆశ్చర్యం. కొనేముందు దోస్తు సదానందాన్ని అడిగాడు, షోరూం వాళ్లను అడిగాడు, ఫోనులో వీడియోలన్నీ చూశాడు. ఒక్క జీతంతో ముగ్గురు పిల్లల్ని చదివించిన మనిషి వంటింట్లోనే ఉంది. ఆమె చేతికి మాత్రం తాళంచెవి ఇచ్చాడు, ఫోటో కోసం.

ఫిబ్రవరిలో ప్లేడేలు బందయ్యాయి. మొదటి ఆదివారం టిమోతి తెల్లచొక్కా తొడుక్కుని కారు తుడిచాడు. ఇవాళ అమ్మను తీసుకుపోవచ్చు. వచ్చే కిస్తీకి మాత్రం దారి లేదు. సుసన్నా బైబిలు చంకన పెట్టుకుని వచ్చి కొడుకు ముఖం చూసింది.

“గట్లున్నవేంది బిడ్డా?”

“ఏం లేదమ్మా. ఎక్కు.”

“ప్లేడేలు బందయినయట గద. కిస్తీ ఎట్ల కడ్తవ్?”

అబద్ధాలాడటం టిమోతికి బాగానే వచ్చు. ఆ పూట ఒక్కటీ నోటికి రాలేదు.

“తెలుస్తలేదమ్మా. ఏం చెయ్యాలె?”

సుసన్నా తలుపు తీసుకుని ముందు సీట్లో కూర్చుంది.

“ముందుగాల అడిగితె కొనొద్దంటుంటి. ఇప్పుడడిగినవ్ కాబట్టి అమ్ముమంటున్న. బసంత్‌నగర్ల ఉండే తీతు పాత కారొకటి కొనాలని తిరుగుతున్నడు, ఇయ్యాల చర్చికి వస్తడు. మిగిలిన కిస్తీలు ఆయననే కట్టుకొమ్మందాం. ఆ అద్దం ఇంకింత మంచిగ తుడువు.”

టిమోతి గుడ్డ తీసుకుని మళ్లీ తుడవసాగాడు. కిస్తీ దిగులుతో ఏడు నెలలుగా అన్నం సయించని అతనికి ఇప్పుడు ఆకలేసింది.